ఈగ వీపు మీది శూకానికి దిక్కు ఎవరు చూపుతారు?

పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నేను పర్లాకిమిడిలో డిగ్రీ మూడో సంవత్సరం జంతుశాస్త్రం చదువుతున్నాను. బడి చదువంతా ఒడియాలో సాగింది, కళాశాల చదువు ఇంగ్లీషులో సాగుతోంది. తెలుగు చదవడం, రాయడం మా అమ్మ నేర్పింది. మొన్న ప్రయోగశాలలో డ్రోసోఫిలా ఈగను సూక్ష్మదర్శినిలో చూశాము. దాని వీపు మీది శూకాలన్నీ, అంటే గట్టి వెంట్రుకలన్నీ, దువ్వెనతో దువ్వినట్టు తోక వైపే వాలి ఉన్నాయి. ప్రతి శూకం అడుగునా ఒక న్యూరాన్ (నాడీకణం) ఉంటుందనీ, ఆ న్యూరానూ శూకమూ ఒకే కణం నుంచి పుడతాయనీ మా మేడమ్ చెప్పారు. పురుగు ఈగగా మారే ప్యూపా కోశం లోపల, ఇంకా శూకమే మొలవని రోజున, ఆ ఒక్క కణానికి తల ఎటు ఉందో తోక ఎటు ఉందో ఎలా తెలుస్తుంది? అడిగితే అది ఎం.ఎస్‌సి. పాఠం అన్నారు. మీరు తెలుగులో వివరిస్తే అమ్మకు కూడా చదివి వినిపిస్తాను.
(ఒక విద్యార్థిని, పర్లాకిమిడి, గజపతి జిల్లా)

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలోనే సమాధానానికి దారి ఉంది. "ఇంకా శూకమే మొలవని రోజున" అని మీరు రాశారు. దిక్కు ఖాయమయ్యేది ఆ రోజుననే. ఎటు వాలాలో తేలిపోయిన తర్వాతనే శూకం మొలుస్తుంది. ఆ నిర్ణయం కూడా శూకాన్ని కనే కణం ఒంటరిగా చేసుకునేది కాదు. దాని చుట్టూ ఉన్న మామూలు చర్మకణాలన్నీ కలిసి చేసేది. అమ్మగారు కూడా వింటారన్నారు కనుక పాఠ్యపుస్తకంలోని పేర్లను అవసరమైన చోట మాత్రమే వాడతాను.

ముందుగా ఈగను గుర్తుపట్టుదాం. మన వైపు పనసపండు కోసిన పూట, జీడితోటల్లో రాలిన పండ్లు పులిసిన పూట, ఎక్కడి నుంచి వచ్చాయో తెలియకుండా ముసిరే చిన్న ఈగలు ఈ డ్రోసోఫిలా కుటుంబానివే. మీరు ప్రయోగశాలలో చూసిన డ్రోసోఫిలా మెలనోగాస్టర్ రెండున్నర, మూడు మిల్లీమీటర్ల పొడవుంటుంది, కళ్లు ఎర్రగా ఉంటాయి. మామిడి రైతులకు 'పండు ఈగ' అని హెచ్చరించేది దీని గురించి కాదు. అది వేరే కుటుంబానికి చెందిన పెద్ద ఈగ, కాయలోకి గుచ్చి గుడ్లు పెడుతుంది. మన చిన్న ఈగ పులిసే పండు మీద పెరిగే ఈస్టును తిని బతుకుతుంది. 25 డిగ్రీల వేడిమిలో గుడ్డు రెక్కల ఈగ కావడానికి దాదాపు 10 రోజులు పడుతుంది. వాటిలో చివరి నాలుగు రోజులు ప్యూపా దశ. మీరు అడిగిన సంగతి, వీపు మీది చిన్న శూకాల విషయంలో, ఆ నాలుగు రోజుల్లో మొదటి రోజునే జరిగిపోతుంది.

వీపు మీద రెండు రకాల శూకాలు ఉంటాయి. పెద్దవి రెండు పక్కలా కలిపి 22. ఏ ఈగను చూసినా అవి అవే చోట్ల ఉంటాయి. చిన్నవి సుమారు 200, వరసలు తీరి ఉంటాయి. పెద్దదైనా చిన్నదైనా ప్రతి శూకం ఒక స్పర్శేంద్రియం. పైకి కనిపించే కాడను ఒక కణం పెంచుతుంది. ఆ కాడ మొదలు చుట్టూ, కుండ కింద పెట్టే కుదురు లాంటి ఒక వలయం ఉంటుంది. దానిని మరో కణం తయారుచేస్తుంది. చర్మం కింద న్యూరాన్ ఉంటుంది, దాని కొసను కప్పి ఉంచే తొడుగు కణం ఉంటుంది. కాడ, కుదురు, న్యూరాన్, తొడుగు అనే ఈ నాలుగూ ఒకే మాతృకణం సంతానం. ఐదోది కూడా ఒకటి పుడుతుంది. అది న్యూరాన్లకు తోడుగా ఉండే గ్లియా కణం, వీపు మీది చిన్న శూకాల్లో అది పుట్టిన కొద్దిసేపటికే చనిపోతుంది.

మాతృకణం ఎంపిక గురించి ఇక్కడ క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది మీ ప్రశ్న కాదు. అచీట్, స్క్యూట్ అనే జన్యువులు పనిచేసే చోట కొన్ని కణాల గుంపుకు శూకాన్ని కనే యోగ్యత వస్తుంది. ఆ గుంపులో ఒకటి ముందడుగు వేసి, నాచ్, డెల్టా అనే ప్రోటీన్ల ద్వారా పక్కనున్న వాటిని ఆపేస్తుంది. ఆగిపోయినవి మామూలు చర్మంగా మిగులుతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్యూపా ఏర్పడిన సుమారు 15 గంటల తర్వాత మాతృకణాలు విభజన మొదలుపెడతాయి. ఈ మొదటి విభజన చర్మపు పొర తలంలోనే, తల నుంచి తోకకు గీసిన గీత వెంట జరుగుతుంది, అంటే పుట్టే రెండు పిల్లకణాల్లో ఒకటి తల వైపున, మరొకటి తోక వైపున ఉంటాయి. చూడడానికి రెండూ దాదాపు ఒకే తీరుగా ఉన్నా వాటి భవిష్యత్తు వేరు. తల వైపు పిల్లకణం నుంచి న్యూరాన్, తొడుగు, గ్లియా వస్తాయి. తోక వైపు పిల్లకణం నుంచి కాడ, కుదురు వస్తాయి. మీ పుస్తకాల్లో వీటినే పీ-టూ-బీ, పీ-టూ-ఏ అని రాస్తారు.

ఈ తేడాను పుట్టించేది నంబ్ అనే ప్రోటీన్. నంబ్ అంటే స్పర్శ తెలియనిది, తిమ్మిరెక్కినది అని అర్థం. ఈ జన్యువు చెడిపోతే న్యూరాన్లు కావలసిన కణాలు దారి తప్పి వేరే కణాలుగా మారిపోతాయి, స్పర్శ తెలియజేసేవే ఉండవు. అందుకే 1989లో ఆ పేరు పెట్టారు. విభజనకు ముందు నంబ్ కణం అంతటా పరుచుకొని ఉండక, తల వైపు అంచున నెలవంకలా పేరుకుంటుంది. విభజన పూర్తయ్యేసరికి అదంతా తల వైపు పిల్లకణానికే దక్కుతుంది. నంబ్ ఒక వైపుకే చేరుతుందన్న సంగతి 1994లో వెలువడింది. నంబ్ ఉన్న చోట నాచ్ సంకేతం పనిచేయదు. నాచ్ ఆగిన కణం న్యూరాన్ వైపు సాగుతుంది, నాచ్ పనిచేసిన కణం కాడ, కుదురుల వైపు సాగుతుంది. ఒక ఆస్తిని ఇద్దరు పిల్లలకు సమానంగా పంచక, ఒక్కరి చేతిలోనే పెట్టడం వంటిది ఇది. ఇక్కడ ఆ అసమానమైన పంపకమే ఇద్దరికీ వారి వారి పనిని ఇస్తుంది.

అయితే నంబ్‌కు తల వైపు ఏదో ఎవరు చెప్పారు? ఇక్కడి నుంచి మీ ప్రశ్న మొదలవుతుంది.

ఈ ఈగల్లో చాలా కాలంగా తెలిసిన, ఒక జన్యువు చెడిన వికార రకం ఉంది. దాని రెక్కల మీది నూగు, వీపు మీది శూకాలు సుడులు తిరిగి, నిద్రలేచిన పిల్లవాడి జుట్టులా తలో వైపుకు ఉంటాయి. ఉంగరాల జుట్టును బట్టి ఆ జన్యువుకు ఫ్రిజిల్డ్ అని పేరు పెట్టారు. జుట్టు చెదిరినది అనే అర్థంలో డిషెవెల్డ్ అని ఇంకొకటి ఉంది. నక్షత్రాల రాత్రిని సుడులుగా చిత్రించిన వాన్ గో పేరును ఇంకో జన్యువుకు పెట్టారు. దానికే స్ట్రాబిస్మస్ అని మరో పేరు. ప్రికిల్, ఫ్లమింగో, డీగో అనేవి తక్కినవి. ఈ ఆరింటిలో ఏది చెడినా చర్మం ఆరోగ్యంగానే ఉంటుంది, శూకాలు మొలుస్తాయి, కానీ దిక్కు తప్పుతుంది. చర్మపు పొర తలంలో కణాలన్నీ ఒకే దిక్కును పాటించే ఈ గుణాన్ని తల ధ్రువత అంటారు. ఇక్కడ తల అంటే తలము, శిరస్సు కాదు.

1998లో మిషెల్ గో, ఫ్రాన్స్వా ష్వైస్‌గుత్ అనే ఫ్రెంచి పరిశోధకులు ఫ్రిజిల్డ్ చెడిన ఈగల్లో శూక మాతృకణాల విభజనను పరిశీలించారు. తల–తోక గీత వెంట జరగవలసిన విభజన ఆ ఈగల్లో ఏ దిక్కున పడితే ఆ దిక్కున జరుగుతోంది. అయినా నంబ్ నెలవంక ఏర్పడుతూనే ఉంది. అది విభజన కండె (కణం విడిపోయేటప్పుడు క్రోమోజోములను రెండు వైపులకూ లాగే పోగుల కట్ట) ఒక కొసకు ఎదురుగానే ఉంటోంది. నంబ్ ఒక పిల్లకణానికే చేరుతోంది. అందువల్ల ఆ ఈగల్లో కూడా కాడ, కుదురు, న్యూరాన్, తొడుగు నాలుగూ పుడుతున్నాయి. పోయినది దిక్కు ఒక్కటే.

ఈ ఫలితం నాకు చాలా ఇష్టమైనది, విద్యార్థులు ఇక్కడ ఒక నిమిషం ఆగాలని నా కోరిక. 'నువ్వు ఏమవుతావు' అనే ప్రశ్నకూ 'నువ్వు ఎటు తిరిగి ఉంటావు' అనే ప్రశ్నకూ కణం దగ్గర వేరు వేరు యంత్రాంగాలు ఉన్నాయని అది తేల్చింది. నంబ్‌ను ఒక పక్కకు నెట్టే శక్తి మాతృకణం లోపలే ఉంది. ఆ పక్క ఏది కావాలో మాత్రం బయటి నుంచి అందుతుంది. పాఠ్యపుస్తకాలు ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేయడం వల్లనే విద్యార్థులు తికమకపడతారు.

బయటి నుంచి ఎలా అందుతుందో ఒక ఆటతో పోల్చి చెబుతాను. పిల్లలు రైలుబండి ఆట ఆడేటప్పుడు ప్రతివాడూ ముందున్నవాడి చొక్కా వెనక అంచు పట్టుకుంటాడు. ఒకడి చేయి మరొకడి వీపును తాకుతుంది. చేయి చేయిని పట్టుకోదు, వీపు వీపుకు ఆనుకోదు. అందువల్ల వరసలో ఏ ఒక్కరిని చూసినా బండి ఎటు పోతోందో చెప్పవచ్చు. చర్మకణాలు కూడా ఇలాగే ఉంటాయి. వీపు మీద ప్రతి కణంలోనూ ఫ్రిజిల్డ్, డిషెవెల్డ్ జన్యువుల నుంచి వచ్చే అవే పేర్ల ప్రోటీన్లు తోక వైపు అంచుకు చేరతాయి. వాన్ గో, ప్రికిల్ తల వైపు అంచుకు చేరతాయి. ఒక కణపు తోక అంచు దాని వెనక కణపు తల అంచును తాకుతుంది కనుక, ఫ్రిజిల్డ్‌కు ఎదురుగా ఎప్పుడూ పక్కింటి వాన్ గో ఉంటుంది. ఫ్లమింగో రెండు వైపులా ఉండి ఆ రెండు అంచులనూ ముడివేస్తుంది. కణం లోపల ఈ రెండు జట్లు ఒకదానినొకటి ఎదుటి అంచుకు తరుముతాయి. మొదట్లో తేడా స్వల్పమే అయినా, పొరుగువారి పట్టు, లోపలి తరుము కలిసి ఆ తేడాను స్థిరపరుస్తాయి. శూక మాతృకణం కూడా ఈ వరసలో ఒక చర్మకణమే. అందరితో పాటు దానికీ ముందు, వెనక ఏర్పడి ఉంటాయి.

పొరుగువారి మాట ఇంత బలమైనదని ఎలా తెలిసింది? 1987లో విన్సన్, ఆడ్లర్ అనే ఇద్దరు రెక్కలో ఒక చిన్న కణాల గుంపులో మాత్రమే ఫ్రిజిల్డ్ లేకుండా చేసి చూశారు. రెక్క మీది నూగు మామూలుగా రెక్క కొస వైపు వాలి ఉంటుంది. ఆ గుంపుకు కొస వైపున ఉన్న కణాలు పూర్తిగా ఆరోగ్యమైనవి, వాటి జన్యువులలో ఏ లోపమూ లేదు. అయినా వాటి నూగు దిక్కు తప్పింది. రైలుబండిలో ఒకడు చేయి వదిలేస్తే వాడికే కాక పక్కవాడికి కూడా దారి తప్పినట్టు, ఒక కణం లోపం పక్క కణాల దిక్కును చెడగొట్టింది. దిక్కు ఏ ఒక్క కణానిదీ కాదని దీనికన్నా స్పష్టంగా చూపిన ప్రయోగం నాకు కనిపించలేదు. ఇక ఈ వరస మొత్తానికి మొదట తల ఎటో తోక ఎటో చూపేది ఏమిటన్న విషయంలో శాస్త్రవేత్తల మధ్య ఇప్పటికీ వాదం నడుస్తోంది. శరీరం ఒక కొస నుంచి మరో కొసకు పరిమాణం మారుతూ ఉండే సంకేతాలు, కణాల పొర పెరుగుతూ సాగినప్పుడు కలిగే లాగుడు, రెండింటికీ సాక్ష్యాలు ఉన్నాయి.

పొరుగువారు చూపిన దిక్కును మాతృకణం నంబ్ దాకా ఎలా చేరవేస్తుందో కూడా చాలా వరకు తేలింది. తల అంచున ఉన్న వాన్ గో, పిన్స్ అనే ప్రోటీన్‌ను తన వైపుకు చేర్చుకుంటుంది. తోక అంచున ఫ్రిజిల్డ్ ఉన్న వైపు బజూకా అనే ప్రోటీన్, దానితో పాటు ఏ-పీకేసీ అనే ఎంజైమ్ చేరతాయి. ఈ ఎంజైమ్ నంబ్‌కు ఫాస్ఫేటును తగిలించి తన వైపు అంచుకు అంటుకోనివ్వదు. తోక వైపు నిలువలేని నంబ్ తల వైపుకే మిగులుతుంది. అదే సమయంలో పిన్స్ ఒక పక్క నుంచి, డిషెవెల్డ్ మరో పక్క నుంచి విభజన కండె కొసలను లాగి, కండెను అదే గీత మీద నిలుపుతాయి. నంబ్ నెలవంక, కండె కొస ఒకే వైపున ఉండకపోతే విభజనలో నంబ్ ఇద్దరికీ పంపకమైపోయి న్యూరాన్ పుట్టుకకే ముప్పు వస్తుంది. ఆ రెండింటినీ ఒకే దిక్సూచికి కట్టివేయడం ఈ ఏర్పాటులోని నేర్పు.

తర్వాతి విభజనలు ఒకే తీరుగా జరగవు. తోక వైపు పిల్లకణం మళ్లీ పొర తలంలోనే విడిపోయి కాడనూ కుదురునూ ఇస్తుంది. తల వైపు పిల్లకణం మాత్రం దిక్కు మార్చుకొని, చర్మపు పొరకు నిలువుగా విడిపోతుంది. గ్లియా అడుగుకు జారిపోతుంది. పైన మిగిలినది మరోసారి నిలువుగా విడిపోయి న్యూరాన్‌నూ తొడుగునూ ఇస్తుంది. ప్యూపా ఏర్పడిన మొదటి 24 గంటలు గడిచేసరికి ఈ విభజనలన్నీ దాదాపు ముగుస్తాయి. చర్మంలో పుట్టిన కణం చర్మం కింద న్యూరాన్‌గా నిలబడడానికి ఈ నిలువు మలుపు అవసరమైంది. అక్కడి నుంచి న్యూరాన్ ఒక కొసను పైకి కాడ మొదటిదాకా, మరో పొడవైన తీగను లోపలి నాడీకేంద్రం వైపు పంపుతుంది. 32 గంటల ప్రాంతంలో కాడ బయటికి పెరగడం మొదలవుతుంది. దాని లోపల యాక్టిన్ అనే ప్రోటీన్ పోగులు కట్టలుగా చేరి, ఇల్లు కట్టేవారు నిలిపే వెదురు పరంజా లాగా ఆ పొడుగును మోస్తాయి.

ఇంత శ్రమ ఎందుకు అంటే, న్యూరాన్‌కు అన్ని వైపుల నుంచి వచ్చిన తాకిడీ ఒకటి కాదు. 2000లో వాకర్, విలింగ్‌హామ్, జూకర్ అనే శాస్త్రవేత్తలు శూకాన్ని కదిలించి విద్యుత్తును కొలిచారు. శూకాన్ని ఒంటి వైపుకు వంచినప్పుడు న్యూరాన్ ఉత్తేజం పొందింది, అదీ ఒక మిల్లీసెకనులో ఐదో వంతు వ్యవధిలోనే. కాడ మొదలు తిరిగినప్పుడు న్యూరాన్ కొస నొక్కుకొని నాంప్-సీ అనే ద్వారం తెరుచుకుంటుంది. తోక వైపు వాలిన కాడను ముందు నుంచి వచ్చిన దుమ్ము గానీ పురుగు గానీ తాకితే అది ఒంటి వైపుకే వంగుతుంది. తలో వైపు వాలిన శూకాలు ఉన్న ఈగకు అదే తాకిడి ఒక చోట గట్టిగా, ఒక చోట మెల్లగా వినిపించి, వీపు మీది పటం చిందరవందర అవుతుందని నేను భావిస్తాను.

అమ్మా, మీ ఊరు గిడుగు రామమూర్తి పంతులుగారు పిల్లలకు పాఠాలు చెప్పిన ఊరు, సవర భాషకు వ్యాకరణం కట్టిన ఊరు. ఏ విషయమైనా మన మాటల్లో చెప్పుకోగలమన్న నమ్మకం అక్కడి వారికి ఉండాలి. ఎం.ఎస్‌సి. దాకా ఆగనవసరం లేదు. మీరు అడిగినది ఈ రోజే అర్థం చేసుకోదగిన ప్రశ్న. ఇదే దారిలో పోదలిస్తే దగ్గరలో బరంపురంలో 2016 నుంచి ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) ఉంది. ముంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో 1962లో అణుజీవశాస్త్ర విభాగాన్ని నెలకొల్పిన ఒబేద్ సిద్దిఖీ, ఆ సంస్థలోనే పనిచేసిన వెరోనికా రోడ్రిగ్స్ ఈ చిన్న ఈగ ఇంద్రియాల మీదనే జీవితకాలం కృషి చేశారు. వారి గురించి చదవండి.

ప్రశ్న: తల తెగిన ఈగ కూడా వీపును కాలితో గోక్కుంటుందని విన్నాను. ఇది నిజమేనా, నిజమైతే దానికి ఆ చోటు ఎలా తెలుస్తుంది?
(ఒక పాఠకుడు, రాయగడ)

సమాధానం: నిజమే. తల లేని డ్రోసోఫిలా కొన్ని గంటలపాటు నిలబడి ఉండగలదు. దాని వీపు మీది ఒక శూకాన్ని సన్నని దారంతో కదిపితే కాలు ఎత్తి ఆ చోటును తుడుచుకుంటుంది. శూకపు న్యూరాన్ తీగ తలకు పోదు, ఛాతీలో ఉన్న నాడీకేంద్రానికి పోతుంది. తుడుచుకునే పనికి కావలసిన నాడులన్నీ అక్కడే ఉన్నాయి. మళ్లీ మళ్లీ అదే శూకాన్ని తాకుతూ ఉంటే ఈగ అలవాటు పడి తుడుచుకోవడం తగ్గిస్తుంది. ఆ అలవాటు రుటబాగా అనే జన్యువు చెడిన ఈగల్లో సరిగా కలగదని 1989లో కోర్ఫాస్, డుడాయి చూపారు.

చోటు ఎలా తెలుస్తుందన్న మాటకు సమాధానం తీగ లోపల కొమ్మలు వేసే తీరులో ఉంది. ఒకే చోట ఉండే పెద్ద శూకం తీగ ఏ ఈగలో చూసినా దాదాపు ఒకే రకంగా కొమ్మలు వేస్తుంది. ఇందులో డీ-స్కామ్ అనే జన్యువుకు పెద్ద పాత్ర ఉంది. ఒక్క జన్యువు నుంచే, ముక్కలను వేరు వేరుగా కూర్చడం వల్ల 38,016 రకాల ప్రోటీన్లు రాగల అవకాశం ఉంది. ఆ రకాలను బాగా తగ్గించిన ఈగల్లో స్పర్శ న్యూరాన్ల కొమ్మలు దారి తప్పుతాయని 2006లో తెలిసింది. పై సమాధానంలో చెప్పిన దిక్కు చర్మంలో ఉన్న దిక్కు; ఇది లోపలి దారి. రెండూ కుదిరితేనే కాలు సరైన చోటికి చేరుతుంది.

ప్రశ్న: ఈగకు ఉన్న ఈ దిక్కు జన్యువులు మనుషుల్లో కూడా ఉంటాయా?
(ఒక పాఠకురాలు, గుణుపురం)

సమాధానం: ఉంటాయి. మన లోచెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాల కొసన సన్నని పోగుల కట్టలు ఉంటాయి, అవన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. పోగులు ఒక వైపుకు వంగితేనే ఆ కణం ఉత్తేజం పొందుతుంది, ఈగ శూకం లాగే. వాన్ గోకు క్షీరదాల్లో సాటి అయిన వాంగెల్-2 జన్యువు చెడిన ఎలుకల్లో ఆ కట్టల దిక్కు తప్పుతుందని 2003లో వెల్లడైంది. ఆ ఎలుక పిల్లల్లో వెన్నుపాము ఏర్పడే వెన్నుగొట్టం కూడా మూసుకోదు. ఈగ వీపును చదివినవారు చెవిని కూడా చదివినట్టే అయింది.

ప్రశ్న: మా బడి పిల్లలకు ఈ శూకాలను చూపాలని ఉంది. బడిలో పెద్ద పరికరాలు లేవు. ఏం చేయాలి?
(ఒక ఉపాధ్యాయుడు, బరంపురం, గంజాం జిల్లా)

సమాధానం: బాగా మగ్గిన అరటిపండును మెదిపి, చిటికెడు రొట్టెల ఈస్టు కలిపి, వెడల్పు మూతి గాజు సీసాలో వేసి, ఒక మడత కాగితం నిలువుగా పెట్టి, కిటికీ దగ్గర ఒక పూట తెరిచి ఉంచండి. ఈగలు చేరాక దూదితో మూయండి. మన ఎండలకు సీసా వేడెక్కకుండా చూడాలి. వేడి 30 డిగ్రీలు దాటితే మగ ఈగలకు సంతానశక్తి పోతుంది, కనుక నీళ్ల కుండ పక్కన నీడలో పెట్టండి. అయిదారు రోజులకు పురుగులు కాగితం మీదికి, గాజు గోడ మీదికి ఎక్కి ప్యూపాలు అవుతాయి. పెద్ద ఈగలను చూడాలంటే వాటిని వేరే పొడి సీసాలోకి దులిపి, ఆ సీసాను కొద్ది నిమిషాలు ఐసుముక్కల్లో పెడితే కదలకుండా ఉంటాయి. వెచ్చబడితే లేచి ఎగురుతాయి, చంపనవసరం లేదు.

చేతి భూతద్దంలో చిన్న శూకాలు స్పష్టంగా కనిపించవు. దగ్గరి కళాశాలలో రెండు కళ్లతో చూసే సూక్ష్మదర్శిని ఒక గంట అడిగి తీసుకోండి. పిల్లల చేత ముందు పెద్ద శూకాలను లెక్కపెట్టించండి: వీపు మధ్య వరసలో నాలుగు, వీపు చివర ఉన్న చిన్న త్రికోణం మీద నాలుగు ఉంటాయి. ఆ తర్వాత బయటికి రావడానికి ఒక రోజు ముందున్న ప్యూపాను, కాగితం నుంచి తడి కుంచెతో మెల్లగా విడదీసి చూపండి. పైపొర అప్పటికి పలుచగా ఉంటుంది. దాని కింద ఎర్రని కళ్లు, నల్లబడిన రెక్కలు, వీపు మీద నల్లని సన్నని గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు ఎటు వాలి ఉన్నాయో బాణం గుర్తుతో పిల్లల చేత బొమ్మ గీయించి, మర్నాడు అదే ఈగ బయటికి వచ్చాక మరో బొమ్మ గీయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడమనండి.